మేస్త్రి మావయ్య పూయని గోడ

దక్షిణాఫ్రికాలోని ఉంజింటోలో మా తెలుగువాళ్ల బాప్టిస్టు చర్చి కట్టింది మేస్త్రి మావయ్య. ఒట్టి మొండిమనిషి. మూడు గోడలకు అద్దంలా నున్నగా పూత పూసి, పాస్టరు అయ్యగారు నిలబడే చోటి వెనక గోడను మాత్రం ఉత్త ఇటుకలతో వదిలేశాడు. వానొస్తే అది కారేది. నా పెళ్లిలో అయ్యగారి బైబిలూ నా చీరా రెండూ తడిశాయి.

"ఆ గోడ కూడా పూసెయ్ మేస్త్రీ" అని వచ్చిన ప్రతి అయ్యగారూ బతిమాలేవారు.

మావయ్య తాపీతో వీపు గోక్కునేవాడు. "పూసినాక తెల్లోళ్ల గవర్మెంటు లేచి పొమ్మంటే? ఉండనిత్తారో లేదో చూద్దాం."

ఈ చోటు తెల్లవాళ్లదంటూ మనవాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొడుతున్న రోజులవి.

నల్లవాళ్లూ మనవాళ్లూ అందరం మొదటిసారి ఓటేసి తెల్లోళ్ల గవర్మెంటును దించాక వచ్చిన ఆదివారం, ప్రసంగం మధ్యలో మావయ్య సిమెంటు బకెట్టుతో దిగాడు.

"మీ పని మీరు కానియ్యండి అయ్యగారూ, నా పని నేను చేసుకుంటా."

అయ్యగారి నల్లకోటు సగం సిమెంటు రంగైంది. నవ్వాపుకోలేక మాకు పాట రాలేదు.

తీరా చూస్తే మూలన జానెడు చోటు వదిలేశాడు.

"అదేంటి మావయ్యా?"

"ఈ కొత్త గవర్మెంటోళ్లని కూడా కొన్నాళ్లు చూద్దామే."

మావయ్య చనిపోయి చాన్నాళ్లయింది. ఆ జానెడు పూయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వానొస్తే కింద చెంబు పెడతాం.