మామిడి మొదలు చుట్టూ గచ్చు

మా అనకాపల్లి ఇంటి పెరట్లో మామిడి చెట్టు అత్తగారు కాపురానికొచ్చిన ఏడాది నాటినది. దాని చుట్టూ సిమెంటు గచ్చు వేయించింది మాత్రం నేను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. నేను కశింకోట బడిలో టీచరుని. వానాకాలమంతా పెరట్లో ఆకులు మురిగి కాలు జారేది. ఒకసారి అత్తగారే పడబోయారు. మేస్త్రీని పిలిచి మానుకి ఆనుకునేలా గచ్చు చేయించేశాను. "సెట్టు మొదట్లో కాసింత మన్ను ఒదులమ్మా" అన్నారామె. వదిలితే మళ్లీ బురదేనని నేను వినలేదు.

మూడో వానాకాలానికి మానుకీ గచ్చుకీ మధ్య నీరు ఊరుతూ ఉండేది. తెల్లటి కుక్కగొడుగులు గుత్తులుగా లేచాయి. చీపురుతో ఊడ్చేసి పైన సున్నం కొట్టాను. ఆ వారంలోనే పక్కింటావిడ వచ్చింది.

"వదినా, మీ సెట్టు మా గోడ మీదకొచ్చీసింది. ఆ పెద్దకొమ్మ సరీగ్గా మీ అన్నయ్య పడుకున్న గది మీదే ఉంది. ఓపాలి సూడు."

ఆమె భర్త పక్షవాతంతో రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. వాళ్లది పెంకుటిల్లు.

"ఎప్పుడూ అలాగే కదా ఉంది వదినా" అన్నాను. ఆమె వెళ్లాక మానుకీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యి దూరింది. నాలుగు రోజులు ముసురు పట్టి, మళ్లీ పెట్టి చూస్తే వేళ్లు మాత్రమే దూరాయి. మాను గోడ వైపు ఒరుగుతోంది.

మర్నాడు బడిలో పాఠం చెబుతూ కిటికీలోంచి గాలినే చూస్తూ ఉండిపోయాను. టీవీలో వాయుగుండం అంటున్నారు. మా ఆయన డ్యూటీ మీద ఊళ్లో లేరు. బడి వదలగానే కశింకోట అవతలి పల్లెకి వెళ్లి చెట్లు కొట్టే ఆయన్ని బతిమాలాను.

"తడి సెట్టు ఎక్కమంటే ఎలాగమ్మా? కాలు జారితే నా పిల్లల్ని నువ్వు సూత్తావేటి?" అన్నాడు. అన్నాడే గాని, తెల్లవారేసరికి బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చాడు.

గొడ్డలి వెనక వైపుతో మాను చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. గోడ వైపు తట్టినప్పుడు ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"ఏర్లు కుళ్లిపోనాయి. ఈ గచ్చు ఎవులు ఏయించేరు?"

నేను కాళ్ల కింది గచ్చునే చూస్తున్నాను. పక్కింటావిడ గోడ అవతలే నిలబడి వింటోంది.

"నానే ఏయించేను. బురదని" అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా.

ముందు పక్కింటాయన్ని ఖాళీ చేయించాలన్నాడతను. ఆయనకి మాట సరిగా రాదు. మంచం పట్టెను గట్టిగా పట్టుకొని కదలనన్నట్టు తల తిప్పేశాడు. "అది పడతాదో ఉంటాదో మనకి తెల్దు. నువ్వయితే లే!" అని ఆమె ఏడుస్తూ అరిచింది. నలుగురం కలిసి నవారు మంచంతో సహా ఆయన్ని మా వరండాలోకి మోసుకొచ్చాం.

చెట్లు కొట్టే అతను పాదాలకి గోనె ముక్కలు చుట్టుకొని, నడుముకి తాడు కట్టుకొని ఎక్కాడు. పెద్దకొమ్మకి మోకు కట్టి కొసని కిందికి విసిరాడు. దాన్ని మా పెరటి నూతి స్తంభానికి రెండు చుట్లు తిప్పి, బావమరిదీ నేనూ పక్కింటావిడా పట్టుకున్నాం. కొమ్మని మా పెరట్లోకి మెల్లగా దించాలన్నది ఆలోచన. సన్నగా జల్లు మొదలైంది. వేటు వేటుకీ ఊడిపడుతున్న చెక్క తడిసిన అటుకుల్లా ఉంది.

సగం కొట్టకుండానే కొమ్మ దానంతటదే విరిగింది. మోకు అరచేతులు ఒరుచుకుంటూ జారిపోయింది. పెంకులు పగిలిన చప్పుడు, వాసం విరిగిన చప్పుడు, ఆ తర్వాత వాన చప్పుడు. చెట్టు మీద మనిషి కనిపించలేదు.

"బావా!" అని బావమరిది అరిచాడు. మళ్లీ అరిచాడు.

"ఉన్నాన్రా, ఉన్నాను" అని ఆకుల వెనక నుంచి వినిపించింది. నడుము తాడు మీద వేలాడుతున్నాడు.

పక్కింటావిడా నేనూ ఆ గదిలోకి వెళ్లి చూశాం. మంచం ఉండే చోట కొమ్మ మొదలు నేలని తాకి ఉంది.

మిగతా బరువైన కొమ్మలు కూడా తీసేశాక గునపాలతో గచ్చు పగలగొట్టారు. కింద వేర్లు నల్లబడి మురుగు కంపు కొట్టాయి. "ఏర్లకి ఊపిరాడనియ్యాల తల్లీ" అంటూ అతను కుళ్లంతా గట్టి చేవ తగిలేదాకా గీకేశాడు. రెండు రోజులు గాయం ఆరనిచ్చి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పట్టించాడు. వాయుగుండం ఎటో పోయింది.

ఇల్లు బాగయ్యేదాకా పక్కింటి వాళ్లిద్దరూ మా ముందు గదిలోనే ఉన్నారు. ఒక సాయంత్రం ఆమె భర్తకి జావ తాగిస్తుంటే నేను చెప్పేశాను. "వదినా, గచ్చు వేయించింది అత్తగారు కాదు. నేనే. ఆవిడ వద్దన్నా వినలేదు."

ఆమె చెంచా ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యాక అంది: "ఆ రోజే సెప్పుంటే మీ గుమ్మం తొక్కేదాన్ని కాదు. ఇప్పుడు మీ ఇంట్లోనే తింటన్నాను, ఏటంటాను?"

తప్పు తన మీద ఎందుకు వేసుకున్నారని అత్తగారిని అడిగాను. "నువ్వు బిగుసుకుపోయేవు. ఆడికి జవాబు కావాల. ఎవులో ఒకలం సెప్పాల కదా" అని బియ్యం ఏరుకోవడంలో పడ్డారు.

చెట్టు బతికింది. రెండేళ్లు పూత లేదు, ఆ తర్వాత ఒక పక్కనే కాసింది. వానలకి ముందు ఏటా ఆ చెట్లు కొట్టే మనిషిని పిలిపించి కొమ్మలు తీయించేదాన్ని. పక్కింటావిడ గోడ అవతల నిలబడి ఏది కొట్టాలో వేలెత్తి చూపించేది. కొన్నిసార్లు కొట్టనక్కర్లేని పచ్చటి, గట్టి కొమ్మనే చూపించేది. నేను వద్దనేదాన్ని కాదు.