ఎర్రది ముందు, నల్లది తర్వాత

ఆ రోజుల్లో మలేసియాలోని క్వాలా కంగ్సార్‌లో మా ఇళ్ళ వరసలో కారున్నది జమ్రీ గారికొక్కరికే. అందరికీ ఆయన పాక్‌చిక్, అంటే బాబాయి. తమ్ముడి ఊరికి బస్సెక్కాల్సిన ప్రతిసారీ బండి కదలకుండా ఉంటే ఛార్జి దిగిపోతుందని ముందుగా కారు బ్యాటరీ తీగలు విప్పేవారు. తాళంచెవి జేబులో వేసుకుని, ఉంగరం తీసి, "నల్లది ముందు, ఎర్రది తర్వాత" అని వీధికంతా వినిపించేలా అప్పజెప్పేవారు. విప్పిన నల్ల తీగ మళ్ళీ బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు వంచేవారు. ఒక మధ్యాహ్నం అలా విప్పి చేతులు కడుక్కుంటుండగా పక్కింటి రొకియా పరుగెత్తుకొచ్చింది. ఆమె పెద్దకూతురికి నొప్పులు మొదలయ్యాయి. ఆయన వెంటనే బానెట్ ఎత్తి, తాపీగా ఉంగరం తీయసాగారు.

"అయ్యో పాక్‌చిక్! అక్కడ పిల్ల అల్లాడిపోతుంటే ఇప్పుడేంటి మీ సింగారం?"

"పానా పట్టుకున్న చేతికి ఉంగరముంటే వేలు కాలుద్దమ్మా. అప్పుడు బండి నువ్వు తోలతావా? బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది తర్వాత..."

ఎర్ర తీగ బిగించి, నల్లదానికి చుట్టిన గుడ్డ తీసి అదీ బిగించారు. కారు ఒక్కసారికే స్టార్టయింది. బిడ్డ ఆసుపత్రి చేరాకే పుట్టాడు.

మర్నాడు రొకియా మనవడు పుట్టిన సంతోషానికి పసుపు జిగురన్నం వండి పట్టుకొచ్చింది. "చిన్నదానికీ ఏడో నెల, పాక్‌చిక్. పురుడయ్యేదాకా ఆ బ్యాటరీ జోలికి పోకండి."

ఆయన తమ్ముడికి ఫోన్ చేశారు. "బ్యాటరీ విప్పకుండా నేను ఊరు దాటలేను. ఈ రెండు నెలలూ నువ్వే రారా."