ఓజెల్లా వాయించిన గోడ

మా ఇంటి తూర్పు గోడకి బయటివైపు రెండు మేకులున్నాయి. ఒకటి నా మోకాలెత్తున, ఒకటి నా తలపైన. వాటి మధ్య ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది మోగడం మొదలుపెట్టి మూడు వారాలైంది.

ఈ ఇల్లు ఒకప్పుడు ఓజెల్లా ప్రూట్‌ది. నేను పక్కింటి పిల్లని, తను నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. రోజుకి రెండు వందల పౌన్ల పత్తి తీసేది. ఇంటికొచ్చి తెల్లదొరల బట్టలు ఉతికేది. మనిషి పొడుగు, మాట పొట్టి. పాత చీపురుకి చుట్టిన తీగ విప్పి, ఈ మేకుల మధ్య బిగించి, దాని కింద నశ్యం సీసా ఒకటి ఇరికించింది. ఒక చేత్తో తీగ మీటుతూ రెండో చేత్తో ఇంకో సీసా దానిమీద జారిస్తే ఇల్లంతా మోగేది. లోపల పళ్లేలు కదిలేవి. మా అమ్మ మొక్కజొన్న రొట్టె కాలుస్తూ కాలుస్తూ చెయ్యి ఆపి, "ఆ గోడ ఏడుస్తోందే" అనేది.

ఓజెల్లా తమ్ముడు రూబెన్ లోపలివైపు గోడకి చెవి ఆనించి పడుకునేవాడు. వాడి చదువంతా ఆ చెవితోనే. పెద్దయ్యాక గిటారు కొనుక్కుని మెంఫిస్ పోయి, అక్క కట్టిన బ్లూస్ పాటలే, చర్చివాళ్లు సైతాను పాటలనేవి, తనవని చెప్పుకుని రెండు రికార్డులిచ్చాడు. ఓజెల్లా ఒక్క మాట అనలేదు. అప్పటికే తను బాప్తిస్మం తీసుకుంది. నదిలో మునిగి, తడిబట్టలతో నేరుగా ఇంటికొచ్చి, తీగ రెండు చేతులా పట్టుకుని పీకేసింది. అరచేయి తెగి తెల్లగౌను మీద నెత్తురు పడింది. మేకులు మాత్రం ఊడిరాలేదు. తర్వాత నలభై ఏళ్లు చర్చి సంఘంలో అందరూ తనని తల్లి అనే పిలిచారు.

పోయే ముందు నా మణికట్టు పట్టుకుంది. "టెంపీ, ఇల్లు నీకిస్తున్నా. నా పేరు ఆ సైతాను పాట పక్కన పెట్టనివ్వకు. పెట్టనిచ్చావో, వచ్చి అడుగుతా." ఓజెల్లా ఊరికే బెదిరించే రకం కాదు. ముప్పై ఏళ్లు నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్లకి తెలుసు, అదెంత కష్టమో.

ఈ వేసవిలో జిల్లావాళ్లు మా వాకిట్లో గొయ్యి తవ్వారు. రూబెన్ పేరున ఇనప స్తంభం, దానిమీద నీలం పలక పెడతారట. గొయ్యి తవ్విన మధ్యాహ్నమే గోడ మోగింది. సన్నగా, పళ్ల మధ్యనుంచి రాగం తీసినట్టు. గాలి లేదు, పత్తిచేలో ఆకు కదలడం లేదు. మేకు మీద వేలు పెడితే చల్లగా ఉంది. ఆగస్టు ఎండలో.

పాస్టరుగారికి చెప్పాను. "నూనె రాసి ప్రార్థన చెయ్యి, సిస్టర్ టెంపీ" అన్నాడు. రాశాను. గోడ ఇంకా బాగా మోగింది.

"ఓజెల్లక్కా, చెప్పమంటున్నావా, వద్దంటున్నావా?" అని అడిగాను. ఒంటితీగ వాద్యంతో ఇదే చిక్కు. అవునన్నా కాదన్నా ఒకటే మోత.

నిన్న మధ్యాహ్నం జిల్లా ఆఫీసు నుంచి రెనీటా అనే పిల్ల కాగితం పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, పలక మీది మాటలు చదువుతా, వినండి. సాయంత్రం ఇనప పోతకి పంపేస్తాం. ఆ తర్వాత దేవుడొచ్చినా మార్చలేడు."

"చదువు."

"'రూబెన్ ప్రూట్ ఈ ఇంట్లో పెరిగాడు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, తనంతట తానే...'"

"ఆగాగు. తనంతట తానా? పన్నెండేళ్లొచ్చేదాకా వాడి బూటు తాడు కూడా అక్కే కట్టింది!"

రెనీటా నవ్వింది. "అక్కెవరు పెద్దమ్మా?"

నాలుక కరుచుకున్నాను. గోడ మోగింది.

"మీ ఫ్రిజ్ పాతదైపోయినట్టుంది."

"పొద్దుట్నుంచీ కరెంటు లేదు. ఫ్యాను తిరక్క చెమటలు కారుస్తున్నావు, కనబడలేదూ?"

ఆ పిల్ల లేచి గోడకి అరచేయి ఆనించింది. వెంటనే లాగేసుకుంది. "ఈ గోడలో ఎవరున్నారు?" అంది, చాలా చిన్నగా.

మాటిచ్చాను, నిజమే. కానీ ఆ కాగితం సాయంత్రానికి ఇనుమైపోతుంది. వందేళ్లు ఆ అబద్ధం నా వాకిట్లో నిలబడుతుంది, నేను దాని పక్కనుంచి నడిచి చర్చికి పోవాలి. ఓజెల్లా చేతులు నేను చూశాను. బట్టలు ఉతికి నాని ముడతలుపడ్డ వేళ్లు, ఆ తీగ మీద మాత్రం పిట్టల్లా ఉండేవి. తను వచ్చి అడిగితే అడగనీ. జవాబు చెప్పలేనిదాన్ని కాదు.

"రాసుకో" అన్నాను. "వాడికి నేర్పింది ఓజెల్లా."

మోత పెద్దదైంది. వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి.

"ఆ పేరెలా రాస్తారు?" రెనీటా పెన్ను మూత తీసింది.

ఓజెల్లాకి రాయడం రాదు. బతికినన్నాళ్లూ ఎక్కడ సంతకమన్నా ఇంటూ మార్కే పెట్టింది. ఆ పేరు కాగితం మీద నేనెన్నడూ చూడలేదు. నా చదువు మూడో తరగతి. అయినా పెన్ను లాక్కున్నాను. చెవికి ఎలా వినబడేదో అలా, ఒక్కొక్క అక్షరం ఒత్తి రాశాను. తప్పో ఒప్పో తనే చెప్పాలి.

రెనీటా కాగితం తీసుకుని సరిచూసుకుంటూ పైకి చదివింది. "ఓజెల్లా ప్రూట్."

మోత ఠక్కున ఆగింది. పనిలో ఉన్న మనిషిని వాకిట్లోంచి ఎవరో పేరుపెట్టి పిలిస్తే చెయ్యి ఆగినట్టు.

మేమిద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.