టీవీలున్న ఇళ్ల లెక్క

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా తెలుగువాళ్లు తలో వంటా తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లకి వెళ్లినప్పుడల్లా, ఎవరూ అడక్కపోయినా నా ఉద్యోగం కబుర్లు నేనే ఎత్తుకునేవాణ్ణి. మిగతావాళ్లంతా బ్యాంకులకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ కోడ్ రాస్తుంటే, నేను కాలేజ్ ఫుట్‌బాల్‌కి పనిచేస్తున్నానని చెప్పుకోవడం నాకు మహా సరదా. నిజానికి ఆ ఆట రూల్స్ నాకు ఇప్పటికీ సగమే తెలుసు.

ఇక్కడ పదీ పదిహేను కాలేజీలు ఒక గుంపుగా చేరి, ఏడాదంతా అన్ని ఆటల్లోనూ తమలో తాము పోటీలు ఆడుకుంటాయి. ఆ గుంపుని కాన్ఫరెన్స్ అంటారు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల కాలేజీలే కలిసేవి. ఇప్పుడు డబ్బులిచ్చేది టీవీవాళ్లు కాబట్టి, ఏ కాలేజీ చుట్టూ టీవీలున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూసి చేర్చుకుంటున్నారు. అబ్బాయి ఎలాంటివాడని అడక్కుండా ఇల్లు ఏ ఏరియాలో అని అడిగే పెళ్లి సంబంధం లాంటిదన్నమాట. కాన్ఫరెన్స్‌లకి సలహాలిచ్చే మా కంపెనీలో ఆ ఇళ్ల లెక్క కట్టేవాణ్ణి నేను.

మూడేళ్ల కిందట, తూర్పు తీరాన మా రాష్ట్రంలోని ఒక కాలేజీని పడమటి తీరపు కాన్ఫరెన్స్‌లో చేర్చుకోవచ్చా అన్న పని నాకిచ్చారు. ఇళ్ల లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. పద్ధతిగా ఉంటుందని నేను ఇంకో కాలమ్ కూడా వేశాను. ఫుట్‌బాల్ కాకుండా మిగతా ఆటల పిల్లలు, ఈ ప్రయాణాల వల్ల సెమిస్టర్‌కి ఎన్ని రోజుల క్లాసులు పోగొట్టుకుంటారని. ఫుట్‌బాల్‌వాళ్లు శనివారం ఆడి స్పెషల్ విమానంలో తిరిగొచ్చేస్తారు. వాలీబాల్ ఆడపిల్లలు వారం మధ్యలో, మామూలు విమానాల్లో, దారిలో రెండుసార్లు మారి దేశం ఆ చివరికి పోవాలి. వాళ్లకి పంతొమ్మిది రోజులు తేలాయి.

మేనేజర్ చూసి, కాన్ఫరెన్స్‌వాళ్లు అడిగింది ఇది కాదుగా అన్నాడు. తీసెయ్యమని కూడా అనలేదు. నేనే ఆ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి హైడ్ కొట్టాను. చెరిపెయ్యలేదుగా, దాచానంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హెచ్-1బి వీసా మీద ఉండుంటే ఉద్యోగ భయమనైనా అనుకోవచ్చు. గ్రీన్ కార్డ్ వచ్చి అప్పటికే ఏడాది దాటింది. అది భయం కాదు, మంచివాణ్ణనిపించుకోవాలన్న కక్కుర్తి.

కాలేజీ ఆ కాన్ఫరెన్స్‌కి మారింది. పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని "అది మన డీలే" అని అందరికీ చెప్పాను. మా పక్క వీధి స్నేహితుల కూతురు అప్పుడే ఆ కాలేజీలో బయాలజీకి చేరింది, వాలీబాల్ టీమ్‌లో చోటు కూడా తెచ్చుకుంది. చిన్నప్పుడు బంతితో కొట్టి కొట్టి మా గరాజ్ తలుపుకి సొట్టలు పెట్టిన పిల్ల. వాళ్ల అమ్మానాన్నలు నాకు కంగ్రాట్స్ చెప్పారు. సంతోషంగా పుచ్చుకున్నాను.

పోయిన అక్టోబర్‌లో ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అంకుల్, నాకు హెల్ప్ కావాలి. నేను ల్యాబ్స్ చాలా మిస్ అయ్యాను. ప్రొఫెసర్ చెప్పింది, ల్యాబ్ ఆర్ వాలీబాల్, ఒకటే పిక్ చెయ్ అని. టీమ్ అందరం కాలేజ్ ప్రెసిడెంట్‌కి లెటర్ రాస్తున్నాం. ఎన్ని డేస్ మిస్ అవుతున్నామో చార్ట్ కావాలి. మీరు డేటా చేస్తారు కదా?"

ఆ చార్ట్ పక్క గదిలోనే ఉంది, నా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో. ఫైల్ ఇవ్వకూడదు, నిజమే. కానీ నాకు ముందే తెలుసమ్మా అని ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. కొత్త షీట్ తెరిచి, ఏమీ ఎరగనివాడిలా మొదటి గడి నుంచి మొదలుపెట్టాను.

తను షెడ్యూల్ మీద వేలు పెట్టి ఒక్కో రోజే చదివింది, నేను టైప్ చేశాను. మొత్తం ఇరవై రెండు వచ్చింది. నా పాత లెక్కకన్నా మూడెక్కువ.

"రిటర్న్ ఫ్లైట్ మిస్ అయిన డేస్ కూడా వేశాం కదా అంకుల్," అంది. "ఆ డేస్ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లోర్ మీదే పడుకున్నాం."

అది నా లెక్కలో లేదు. దాచిన లెక్క కూడా తప్పు లెక్కే.

"వాళ్లు డిసైడ్ చేసినప్పుడు ఇది ఎవరూ కౌంట్ చెయ్యలేదా?" అనడిగింది. మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

"చేసుండరమ్మా," అన్నాను.

లెటర్ చివర నా పేరు రాసి థాంక్స్ చెప్పింది. ఆ లైన్ తీసెయ్యమన్నాను. నాలుగు వారాలకి కాలేజీ నుంచి మర్యాదగా జవాబొచ్చింది, షెడ్యూల్ మార్చడం కుదరదని. తను ల్యాబ్ ఎంచుకుంది. జెర్సీ తిరిగిచ్చేసి వచ్చిన రోజు గదిలోంచి బయటికి రాలేదట.

తర్వాతి పాట్‌లక్ వాళ్లింట్లోనే. వాళ్లమ్మ అందరి ముందూ నన్ను చూపించి, "మా అమ్మాయికి అంత హెల్ప్ చేసి, పేరు కూడా వద్దన్నారండీ అన్నయ్యగారు. ఎంత హంబుల్!" అంది. ఆ అమ్మాయే వచ్చి నా ప్లేటులో ఇంకో గరిటె పులిహోర వేసింది.

నేను సిగ్గుతో తలొంచుకున్నాను. అది కూడా వినయమే అనుకున్నారు.