మనిషికింత అని అడిగాను

మాఘమాసంలో రెండో బుధవారం, పొద్దున్న ఏడుంపావు. చోడవరం నుంచి దేవరాపల్లి పోయే రోడ్డు పక్కన, ఒక రైతు చెరకు తోట గట్టు మీద. గంటతో సహా ఎలా గుర్తుందంటే, ఆ రైతు అడిగినదానికి జవాబు చెప్పలేక నేను సెల్లులో టైము చూస్తూ నిలబడ్డాను. అంకెలూ అక్షరాలూ నాకు యాభై దాటాక రాత్రిబడిలో వచ్చాయి. ఆ పొద్దున్న అవి తల దించుకోవడానికి పనికొచ్చాయి.

మాది చెరకు నరికే ముఠా. నేను మేస్త్రీని. పెద్ద హోదా ఏమీ కాదు. రైతుతో బేరమాడేదీ నేనే, తిట్లు తినేదీ నేనే. మా అత్తగారి కాలం నుంచీ మాది గుత్త పని. తోట మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటాం. ఎంతమంది దిగుతున్నారో రైతు అడగడు. వచ్చింది అందరం సమంగా పంచుకుంటాం. గబగబా నరికే కుర్రాళ్ళకూ, నడుం పట్టేసిన ముసలాళ్ళకూ ఒకటే వాటా. పై ఆకు కూడా నరికినవాళ్ళదే. మోపు కట్టుకుని పోతే ఇంటి దగ్గర గేదెకు మేత.

మా తోడికోడలికి మోకాళ్ళు అరిగిపోయాయి. నరికేది తక్కువ. అయినా ఆమె వాటా ఎప్పుడూ తగ్గలేదు, ఎవరూ నోరెత్తలేదు. మా మరిది పోయాక ఆమె బతుకంతా ఆ వాటా మీద, ఆ గేదె మీద.

ఈ ఏడు దాన్ని పాడు చేసింది నేను.

పింఛను పని మీద మండలాఫీసుకు వెళ్ళినప్పుడు గోడ మీద కనీస వేతనం బోర్డు కనిపించింది. కూడబలుక్కుంటూ చదివాను. మనిషికి రోజుకు ఇంత అని ఉంది. మాకు వచ్చేది దానికి దరిదాపుల్లో కూడా లేదు. నాకు ఒళ్ళు మండింది. చదవగలిగానన్న గర్వం కూడా ఉంది, దాచను.

ఫ్యాక్టరీ నుంచి రైతుకు కటింగ్ ఆర్డరు వచ్చేదాకా ఆగాను. ఆర్డరు వచ్చాక చెరకు ఆగదు, రైతూ ఆగలేడు. ఆ సాయంత్రమే చోడవరంలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఉద్యోగస్థుడు. తోట తండ్రి ఇచ్చింది.

"ఇక గుత్తొద్దు బాబూ. మనిషికి రోజుకూలి ఇచ్చీండి. సర్కారోళ్ళు గోడ మీద రాసేరు. నాను సదివేను."

"నువ్వు సదివేవా పెద్దమ్మా!" అని నవ్వాడాయన. "ఎరువుకి పెరిగింది, లారీకి పెరిగింది, ఇప్పుడు నీకూ పెరగాల. నా టన్నుకి పెరిగిందేటి?"

"మీ బాధ మీది బాబూ. మా కడుపులు మావి."

ఆయన ఫోనులో ఏవో లెక్కలు చూసుకున్నాడు. "సరే, మనిషికే ఇస్తాను. నువ్వడిగిన రేటే."

అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని అనుమానం రావాలి. రాలేదు. ముఠాలో అందరూ సంబరపడ్డారు. మాలో ఎప్పుడూ నవ్వించే గుంట ఒకతి ఉంది. "మేస్త్రప్ప ఇంకో పుస్తకం సదివితే మనకి బోనసు కూడా ఒచ్చేస్తాదే!" అంది.

బుధవారం మేం కత్తులు పట్టుకుని వెళ్ళేసరికి తోటలో చెరకు కోసే మెషిన్ నిలబడి ఉంది, ఇల్లంత ఎత్తున.

"మజ్జి తోటంతా ఇది కోసేస్తాది," అన్నాడు రైతు. "మూలల్లో, గట్ల పక్కన తిరగదు. అక్కడికి ఆరుగురు సాలు. మనిషికి రోజుకూలి అన్నావు కదా, ఆ మనుషులెవరో నువ్వే సెప్పు పెద్దమ్మా. గుత్తయితే ఎంతమందొచ్చినా నాకేటి? రోజుకూలంటే గట్టిగా నరికేవోళ్ళే కావాల."

అప్పుడు చూశాను టైము.

తరవాత ఆరుగురినీ చెప్పాను. మొదట నన్ను చెప్పుకున్నాను, రెండోది నా కోడలిని. మేస్త్రీ లేకుండా పనెలా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నిజానికి తోడికోడలి కంటే నేను నరికేది ఓ నాలుగు గడలు ఎక్కువేమో, అంతే. ఆమె పేరు నా నోట రాదని ఆమెకు నాకన్నా ముందే తెలిసిపోయింది.

"నానింటికి పోతానప్పా. గేదికి నీళ్ళెట్టాల," అని తనే వెనక్కి తిరిగింది.

ఎండ ఎక్కాక తాడు పట్టుకుని మళ్ళీ వచ్చింది, మేత కోసం. మెషిన్ కోసిన చోట ఏముంది? ఆకునంతా ముక్కలు చేసి వెనక్కి ఊదేసింది, మట్టిలో కలిసిపోయింది. అది చూసి మేం నరుకుతున్న మూలకు వచ్చి నిలబడింది.

"మేస్త్రమ్మా," అంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను సొంత అక్కలా అప్పా అన్న మనిషి. "నరకనోళ్ళు ఆకు ఎత్తుకోవచ్చా?"

"ఓలమ్మ, పిన్నికి పర్మిషనొకటి!" అంది నవ్వించే గుంట. ఎవరూ నవ్వలేదు. మా ఆరుగురిలో పెద్దది, ఇప్పటికీ కుర్రాళ్ళతో సమంగా నరికే ఆమె, నేల చూస్తూ, "మాకూ గేదులున్నాయి కదే," అంది. ఆమె తప్పు కూడా కాదు. ఉన్న ఆకే కొంచెం.

"నా వాటా ఎత్తుకో," అన్నాను.

"మరి నీ గేదో?"

"దానికి గడ్డుందిలే." లేదు. అబద్ధమాడాను.

ఆమె మోపు కట్టింది. నేను ఎత్తి తల మీద పెట్టాను. మోపు కింద మొహం కనపడలేదు, మాట వినపడింది.

"కూలడిగేవు, బాగుంది. తలలు లెక్కెట్టమని ఎవులడగమన్నారే అప్పా?"

కూలి పెరగకూడదని నేననను. పెరగాలి. మెషిన్ రాకూడదని కూడా అనలేను. చెరకాకుకు ఒళ్ళంతా కోసుకుపోయినవాళ్ళెవరూ ఆ మాట అనరు. నా సిగ్గు వాటికి కాదు. సాయంత్రం బోర్డు మీదున్న రేటే నా చేతిలో పెట్టాడు రైతు. పుచ్చుకున్నాను. మా ఇంటికి తోడికోడలి గుమ్మం ముందు నుంచే పోవాలి. చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళాను.

ఆ రోజు అక్కడున్నది వీళ్ళు. రైతు. మెషిన్ నడిపిన మనిషి. పనిలోకి తీసుకున్నవాళ్ళలో నేను, నా కోడలు, మా పక్కింటి అన్నదమ్ములిద్దరు, నవ్వించే గుంట, గేదెల మాట అన్న పెద్దామె. వెనక్కి పంపినవాళ్ళలో నెలలు నిండుతున్న ఒక పిల్ల, చెవులు వినపడని ముసలాయన, నా తోడికోడలు. ఆ ముగ్గురూ కూడా కత్తులు నూరుకునే వచ్చారు.