గోడ కలిసిన ఇల్లు

జనగామలో మేము కొనుక్కున్న ఇంట్లో పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి పక్కింటి పోపు వాసన వస్తుంది. వెల్లుల్లి, ఎండుమిర్చి, కొంచెం మాడిన జీలకర్ర. మా మంచం తల ఆనించిన గోడకు అవతలే శ్రీలత వాళ్ళ వంటగట్టు. వరసగా పది ఇళ్ళు, రెండేసి ఇళ్ళకు నడుమ ఒకే గోడ. మెట్ల కింద బాత్రూం, దాని మీద అటక, వాడుకొని మడిచిపెట్టే భోజనాల బల్ల. ఇల్లు చూపించిన మనిషి ఇవన్నీ తానే కొత్తగా కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు లోపల నవ్వొచ్చింది. ఇట్లాంటి ఇంట్లోనే పుట్టి పెరిగినదాన్ని, నాకా చెప్పేది అనుకున్నాను.

రేగొండలో సర్కారు సాయంతో కట్టుకున్న కాలనీలో మాది గదిన్నర ఇల్లు. ముందు గదిలో మంచం వాలిస్తే తలుపు తెరుచుకోదని మా బాపు తలుపును బయటికి తెరుచుకునేట్టు తిప్పి బిగించాడు. పగలంతా ఆ నులకమంచం గోడకు నిలబడి ఉండేది, దాని వెనక బొంతలు, బొంతల వెనక నా పుస్తకాల సంచి, ఆ సంచి కోసం రోజూ బడి వేళకు బొంతలన్నీ కూలగొట్టి అమ్మతో తిట్లు తినడం. ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన దండెం మీద నలుగురి బట్టలు, మూలకు ఉట్టి, గోడలో తవ్విన గూట్లలో ఒకదాంట్లో దేవుడు, ఒకదాంట్లో చిమ్నీ దీపం, అన్నిటికంటే పెద్దదాంట్లో నాయినమ్మ తంబాకు డబ్బీ, ఆకుల సంచి. అమ్మ చేతికి ఏదో ఒకటి తగిలి కిందపడని రోజు ఉండేది కాదు. అప్పుడల్లా బాపు "ఇల్లు ఇరుకటం, ఆలు మర్కటం" అని ముసిముసిగా నవ్వేవాడు. అమ్మ ఆ పూట కూరలో ఉప్పెక్కువ వేసి కసి తీర్చుకునేది.

అవతలి ఇల్లు కనకమ్మ చిన్నమ్మది. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు నోరు కూడా ఉండేది. రోకలితో మూడుసార్లు కొడితే తోడుకు పెరుగు కావాలని, రెండుసార్లు కొడితే పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారా అని. వానాకాలం వాళ్ళింట్లో సర్వపిండి పొయ్యి మీదికి ఎక్కిందంటే ఆ నువ్వుల, వెల్లుల్లి కమ్మదనం మా బొంతలకు పట్టేది, బతుకమ్మ నాడు మా ఇంట్లో సత్తుపిండి కలుపుతుంటే చిన్నమ్మ బిడ్డ స్వరూపక్క పిలవకుండానే వచ్చి నాయినమ్మ ఒళ్ళో కూచునేది. స్వరూపక్క పుట్టినప్పుడు కాళ్ళ మీద పండుకోబెట్టుకొని నూనె రుద్ది నీళ్ళు పోసింది మా నాయినమ్మే. పెద్దదయ్యాక కూడా అక్కకు తల దువ్వాలంటే ఆమెనే కావాలి. ఇద్దరూ గడపలో కూచుని గంటలకొద్దీ రాళ్ళెగరేస్తూ అచ్చనగాండ్లు ఆడేవాళ్ళు, ముసలామె తొండి చేసేది, అక్క చూసీ చూడనట్టు ఊరుకునేది.

గోడ కలిసిన ఇళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంట్లో పురుడైతే రెండో ఇంట్లో కూడా దీపం పెట్టరు. ఒక ఇంట్లో ప్రాణం పోతే శవం లేచేదాకా రెండో ఇంట్లో పొయ్యి వెలగదు, దినాలు అయ్యేదాకా శుభకార్యం ఊసే ఉండదు. గోడ కలిసినంక మైల గూడ కలిసినట్టే అనేవాళ్ళు. ఎవరు పెట్టారో తెలియదు. కాదన్నవాళ్ళనూ నేను చూడలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎండాకాలంలో స్వరూపక్క పెళ్ళి కుదిరింది. అదే నెలలో నాయినమ్మ మంచం పట్టింది. ఆయాసం. బాపు పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. వాళ్ళు నాలుగు రోజులు ఉంచుకొని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం నాకు కూడా తెలుసు. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నేరేడు కొమ్మల పందిరి పడి ఉంది. రెండిళ్ళకూ ఒకటే వాకిలి కాబట్టి నాలుగు గుంజల్లో రెండు మా గుమ్మం ముందే ఉన్నాయి. ఆ గుంతలు తవ్వింది మా బాపే.

మర్నాడు అవతల పసుపు దంచుతున్నారు. ఆడవాళ్ళ పాట, రోకళ్ళ చప్పుడు, పచ్చి పసుపు కొమ్ముల వాసన గోడ దాటి వస్తున్నాయి. ఇవతల నాయినమ్మ ఊపిరి కోసం మంచం పట్టె పట్టుకొని కూచుంది. పెళ్ళికి ఇంకా మూడు రోజులు. బాపు చాలాసేపు ఆమెనూ గోడనూ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయి జీపు మాట్లాడుకొని వచ్చాడు.

"నన్నెటు తీస్కపోతున్నవ్ రా?" అంది నాయినమ్మ.

"ఘనపూర్ల చెల్లె కాడికి అవ్వా. నాలుగొద్దులు ఉండొద్దువు."

ఆమె బాపు ముఖం చూసింది. అంతా తెలిసిపోయింది ఆమెకు. "నేను రాళ్ళు మోసి కట్టుకున్న ఇల్లు గిది. ఈడ్నే పోతరా" అంది. గోడ వైపు తిరిగి, "సరే తియ్. ఒక్కపారి స్వరూపను జూస్త" అంది.

పసుపులో ఉన్న పిల్లను రోగమున్న ఇంటికి ఎట్లా పిలుస్తామని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పోయి పిలుచుకొస్తానంటే బాపు నా రెక్క పట్టుకొని కూచోబెట్టాడు. నాయినమ్మ చేయి చాపి వేళ్ళతో గోడ మీద రెండుసార్లు కొట్టింది. అన్ని రోకళ్ళ మధ్య ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది. ఆమెను ఎత్తుకొని, వంగి ఆ పందిరి కిందినుంచే జీపు ఎక్కించారు. ఎటని అడిగినవాళ్ళకు బాపు దవాఖానకని చెప్పాడు.

విచిత్రం ఏమిటంటే ఘనపూర్‌లో ఆమె తేరుకుంది. జావ తాగింది, లేచి కూచుంది, ఎప్పుడు తీస్కపోతవ్ అని రోజూ కబురు పెట్టింది. పెళ్ళి అయిపోయింది. నేను ఆ పెళ్ళిలో కొత్త గౌను వేసుకొని బూంది తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఇక తీసుకొద్దామని అమ్మ అంటే, పదహారు రోజుల పండుగకు పిల్లా అల్లుడు వస్తారు కదా, అది కూడా కానీ అన్నాడు బాపు. పెళ్ళయిన పదకొండో రోజున నాయినమ్మ అక్కడే పోయింది.

దినాలు కూడా ఘనపూర్‌లోనే చేశాం. మేము వచ్చి తాళం తీసేసరికి పండుగ అయిపోయి స్వరూపక్క అత్తగారింటికి వెళ్ళిపోయింది. కనకమ్మ చిన్నమ్మ వచ్చి గడపలో కూలబడింది. "అన్నా, నన్నొక్క మాట అడుగకపోతివి. దేవుని ముంగట కూసోబెట్టైనా, ఉత్త పుస్తెమెట్టెలతోనైనా చేస్తుంటిమి గదా. పిల్ల నాయినమ్మ ఏది, నాయినమ్మ ఏదని ఒకటే ఏడుపు. ఒక్క మాట అడుగకపోతివి" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. బాపు అడిగి ఉంటే అయిపోయేది కదా అని నేను అప్పటినుంచీ అనుకుంటూనే పెరిగాను. బాపు మీద ఆ కోపం లోపల ఎక్కడో ఉండిపోయింది.

ఇప్పుడు రేగొండలో ఆ వరస లేదు. ఇళ్ళు కూలగొట్టి ఎవరి గోడ వాళ్ళు కట్టుకున్నారు, నడుమ చెయ్యి పట్టేంత సందు. బాపు నా దగ్గర ఉంటున్నాడు. కిడ్నీలు చెడిపోయాయి. ఈమధ్య డాక్టర్లు మందుల గురించి తక్కువ, ధైర్యం గురించి ఎక్కువ మాట్లాడుతున్నారు.

మొన్న శ్రీలత వాళ్ళింటి ముందు టెంటు వేస్తున్నారు, వాళ్ళ ఆడబిడ్డ పెళ్ళి. మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్తే బాపు పంచెలు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. మడత నిలవడం లేదు.

"నర్మెట్టకు పోయి నా తమ్ముని కాడ నాలుగొద్దులు ఉండొస్త బిడ్డా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. "ఎక్కడికీ పోయేది లేదు. ఈ కాలంలో ఎవరూ అట్లా అనుకోరు. నేను పోయి అడిగి వస్తా చూడు" అన్నాను. బాపు సంచి మూతి ముడివేస్తూ కూచున్నాడు.

శ్రీలత మంచి మనిషి. చేతిలో పని వదిలేసి బయటికి వచ్చింది. బాపుకు బాగా లేదని, మీకేమన్నా ఇబ్బందా అని అడిగాను. నా నోటితో నేనే, ఆ ఒక్క మాట.

"అయ్యో, గదేం మాటక్కా. ఏం ఫరక్ లేదు, మీరేం పరేషాన్ గాకుండ్రి" అని నా చేయి పట్టుకుంది. తర్వాత టెంటు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని రోజులంటున్నరక్కా, డాక్టర్లు?"

నేను ఇంటికి వచ్చేసరికి బాపు చెప్పులు వేసుకొని మెట్ల మీద కూచుని ఉన్నాడు. ఏమన్నదని అడగలేదు. నేను ఆటో పిలవడానికి పోయాను.