ముళ్ళకంచెకు కట్టేసిన ఇంటర్నెట్

లోకమంతా తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్న ఆ రోజుల్లో ఇంటర్నెట్ వ్యాపారం చేసినవాళ్ళకు పంట పండిందని ఇప్పటికీ ఎవరో ఒకరు నా ముందే అంటుంటారు. అన్నవాళ్ళ మొహాలన్నీ నాకు గుర్తున్నాయి. ఎందుకంటే ఆ రోజుల్లో నేను చేసింది కూడా ఇంటర్నెట్ వ్యాపారమే. ధర్మవరం దాటాక పెద్దరోడ్డు నుంచి లోపలికి తిరిగే మట్టిదారి చివర ఉంటుంది మా ఊరు. సగం ఇళ్ళలో మగ్గాలు, మిగతా సగం ఇళ్ళలో వాన కోసం ఎదురుచూపులు. ఫోన్‌లో మాట్లాడుకోవడానికి సిగ్నల్ చాలేది గాని, బొమ్మ కదలాలంటే మిద్దె ఎక్కినా కదిలేది కాదు. అందుకని పెద్దరోడ్డు వెంట పోయే ఇంటర్నెట్ లైను నుంచి ఊళ్ళోకి ఒక నల్లటి వైరు లాగి ఇంటింటికీ నెట్ ఇవ్వడం మొదలుపెట్టాను. కరెంటు స్తంభాలకు కట్టుకుంటానని లైన్‌మన్‌ను అడిగితే, "నీ వైరు బరువుకు మా స్తంభం వంగితే ఎవరప్పా జవాబుదారీ?" అన్నాడు (స్తంభం సిమెంటుది, నా వైరు చిటికెనవేలంత కూడా లావు లేదు). చేసేదిలేక, దారి పొడవునా ఉన్న తుమ్మచెట్లకు కట్టుకుంటూ వచ్చాను. చూసిన ప్రతివాడూ నవ్వాడు. వాళ్ళ మొహాలూ గుర్తున్నాయి.

లాక్‌డౌన్ పెట్టగానే నాకు లోలోపల కొంచెం సంతోషమేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను. పిల్లలకు పాఠాలు ఫోన్‌లో, మగ్గాలు ఆగిపోయినవాళ్ళకు సినిమాలు ఫోన్‌లో, బెంగళూరులో ఇరుక్కున్న కొడుకుల మొహాలు ఫోన్‌లో. ఇక ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంటుందనుకున్నాను. ఊరు నా నెత్తిన ఎక్కింది. తెల్లారిందంటే ఫోన్లే ఫోన్లు. "ఏమప్పా, నీ నెట్ తిరగతానే ఉండాది, రాదే?" "మా పాప పాఠంలో టీచర్ నోరు తెరిచినాది, మూయలేదప్పా." అందరూ ఒకేసారి వాడితే అంతేనని చెబితే, "అట్లయితే వాళ్ళింటికి ఆపేసి మాకియ్యి" అన్న మహానుభావులున్నారు. కానీ వీటిలో దేనికీ నేను అంతగా భయపడలేదు. నా భయమంతా ఒక్క సోమవారం గురించే.

మా చిన్నమ్మ కూతురు, నాకు చెల్లెలు, అనంతపురంలో ఇంజనీరింగ్ చదివి ఇల్లు చేరింది. చిన్నమ్మవాళ్ళ రెండు మగ్గాలూ ఆగిపోయాయి. నేసిన చీర కొనే సేట్లు ఫోన్ ఎత్తడం మానేశారు. అలాంటప్పుడు పిల్లకు ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. సోమవారం పొద్దున కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ. ఆ వేళకు కనపడకపోతే ఇంకొకరిని పిలుస్తారట. చిన్నమ్మ మా ఇంటి గడప దగ్గరే నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఒకటే మాటంది. "నాయనా, ఆ పొద్దు మాత్రం నీ వైరును బాగా చూసుకో." వైరు నా బిడ్డయినట్టు చెప్పింది. నేనూ అలాగే మాటిచ్చాను.

శనివారం మధ్యాహ్నం ఊరి మొత్తానికీ నెట్ పోయింది. వైరు వెంబడి వెతుక్కుంటూ ఊరి చివరకు వస్తే, అక్కడ మా మేనమామ ఒక పదిమందిని వెంటేసుకుని కంచె కడుతున్నాడు. బయటివాళ్ళెవరూ రోగం మోసుకురాకూడదని ఊళ్ళన్నీ దారులకు ముళ్ళకంపలు అడ్డం వేసుకుంటున్నాయి కదా, మా ఊరు వెనకబడితే ఎలా? దారి వెంట తుమ్మలు కొట్టేశారు. నా వైరు మోస్తున్న తుమ్మలు. సరే, చెట్లు పోయాయి, వైరైనా మిగిలిందా అని చూస్తే, ఆ కంపలన్నిటినీ కట్టలుగా బిగించింది నా వైరుతోనే. ముక్కలు చేసి, మెలితిప్పి, ముడి మీద ముడి వేసి కట్టారు. (ఆ వైరు లోపల ఉండేది వెంట్రుకంత గాజుపోగు. ఒక్క ముడి వేస్తే దాని పని అయిపోయినట్టే.)

"ఏంది మామా ఇది?"

"బలే తాడురా, యాడిదో తెలీదు, చెట్లకు ఊరికే ఏలాడతాండె. ఎంత లాగినా తెగదే! కొడవలి పెట్టి కోసినాం."

"అది నా నెట్ వైరు మామా!"

"నెట్‌కు వైరెందుకురా?"

"మరి నువ్వు రోజూ చూసే పంచాంగం, వార్తలు, అన్నీ యాడనుంచి వస్తాండాయనుకున్నావు?"

మామ ఒక్క క్షణం ఆలోచించి, చూపుడువేలు ఆకాశానికి చూపించాడు. వెనకున్న పదిమందీ అవునన్నట్టు తలలూపారు. కంచె విప్పి నా వైరు నాకిమ్మన్నాను. "కంచె ఇప్పేదా? రోగం వస్తే నువ్వు తగులుకుంటావా?" అని మీదికొచ్చారు. ఆ మాటన్నవాళ్ళలో ఒకడు, నేను ఇంకా అక్కడుండగానే ఫోన్ తీసి చూసుకుని, "ఈ నెట్‌కు ఏమొచ్చిందిరా ఈ పొద్దు!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కొత్త వైరు కొందామంటే ధర్మవరంలో అంగళ్ళన్నీ మూసేశారు. మిగిలింది ఒకటే దారి. పెద్దరోడ్డుకూ మా ఊరికీ మధ్యలో, కంచెకు అవతల, మా బడి ఉంది. రోడ్డు నుంచి బడి దాకా వైరు ఒక్కచోటే తెగింది. కొసలు అతికించే పాత మిషన్ ఒకటి నా దగ్గరుంది. బడి దాకా నెట్ తెస్తే, చెల్లెల్ని అక్కడికి తీసుకుపోవచ్చు. అదే మామతో చెప్పాను.

"పోతే పో," అన్నాడు మామ. "ఈ కంచె దాటినావంటే బయటివాడివే. రెండు వారాలు ఆ బడిలోనే పడుండు. సొంత అల్లుడని చూడను." (చూడలేదు కూడా. ఆ సంగతి నేనూ మరిచిపోలేదు.)

ఆదివారం ఎండలో కూర్చుని అతికించాను. బడిలో నెట్ వచ్చింది. చెల్లెలు సోమవారం పొద్దున్నే సంచిలో కంప్యూటరూ, రెండు వారాలకు సరిపడా గుడ్డలూ పెట్టుకుని కంచె సందులోంచి బయటికొచ్చింది. చిన్నమ్మ కంచెకు ఆ పక్కే నిలబడిపోయింది. ఊరు ఊరంతా, దూరం దూరంగా నిలబడమన్నారని, దూరం దూరంగానే నిలబడి చూస్తోంది. పిల్ల ఒకటో తరగతి గదిలో చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. వెనక గోడ మీద ఏనుగు బొమ్మ. నేను వైరుకు కాపలాకని బయటికొచ్చాను. చెట్లు కొట్టేశారు కాబట్టి, అతికించిన చోట వైరు దారికి అడ్డంగా నేల మీదే పడి ఉంది.

ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే దుమ్ము లేచింది. చూస్తే గొర్ల మంద. రోగమొచ్చినా లాక్‌డౌన్ వచ్చినా గొర్లకు మేత కావాలి గదా. నేరుగా నా అతుకు మీదికే వస్తున్నాయి. ఒక్క గిట్ట పడితే చిన్నమ్మ ఇంట్లో పొయ్యి మీద నీళ్ళు పడ్డట్టే. వైరును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని దారి మధ్యలో నిలబడ్డాను. గొర్లు నా రెండు పక్కలా, వైరు కిందగా పోతున్నాయి. చేతులు దించితే పోయింది, కదిలితే పోయింది. ముక్కులోకి దుమ్ము, మాస్కులో తుమ్ము.

వెనకాల వచ్చిన గొర్లాయన కర్ర ఆనించి తీరిగ్గా చూశాడు. "ఏమప్పా, గుడ్డలారేస్తాండావా?"

"గొర్లను బిర్రున తోలన్నా! లోపల ఇంటర్వ్యూ జరగతాండాది!"

"ఎవరికి, గొర్లకా?"

కంచె వెనక జనం గొల్లున నవ్వారు. మామ నవ్వు అన్నిటికంటే పైన వినిపించింది. చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. నాకు గొర్లాయన మీద, మామ మీద, లైన్‌మన్ మీద, చివరికి ఆ ఏనుగు బొమ్మ మీద కూడా కోపమొచ్చింది. చదువుకుని ఇంటర్నెట్ వ్యాపారం పెట్టినవాణ్ణి, గొర్ల మధ్యలో దండెం కొయ్యలా నిలబడ్డాను. చేతులు మాత్రం దించలేదు. చివరి గొర్రెపిల్ల పోయాక కూడా కాసేపు దించలేదు, ఎందుకంటే అప్పటికి అవి దిగడం మానేశాయి.

పిల్లకు ఉద్యోగమొచ్చింది. బడిలో మేమింకా బందీలుగా ఉన్నప్పుడే కబురొచ్చింది. కంచె అవతల చిన్నమ్మ ఏడ్చింది, మామ టపాకాయలు లేవని పళ్ళెం వాయించాడు. ఉద్యోగం ఇంటి నుంచే చేయాలి, అందుకు నెట్ గట్టిగా ఉండాలి. అంగళ్ళు తెరవగానే కొత్త వైరు కొని ఊళ్ళోకి మళ్ళీ లాగాను. అయినా నా నెట్‌ను నమ్ముకుంటే వచ్చింది కాస్తా పోతుందని, చెల్లెలు బస్సులు తిరగడం మొదలైన వారంలోనే అనంతపురం వెళ్ళి గది తీసుకుంది. ఎవరికోసం చేతులెత్తి నిలబడ్డానో, నన్ను వదిలిన మొదటి కస్టమర్ ఆవిడే. ఆ తర్వాత సొంత స్తంభాలు నాటుకుంటూ ఒక పెద్ద కంపెనీ వచ్చింది. ఊరు ఒక్కొక్క ఇల్లే అటు మళ్ళింది. అందరికంటే ముందు మామ. నేను మూసేశాను. ఇప్పుడు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో మేనేజరుగా ఉన్నాను. "రూములో నెట్ రావడం లేదండీ" అని కింది నుంచి పై దాకా అందరూ నాకే చెబుతారు.

మొన్న చిన్నమ్మ ఇంట్లో భోజనాల దగ్గర చెల్లెలు మాటల్లో మాటగా, పెరుగు వేసుకుంటూ అంది. "అన్నా, ఆ పొద్దు ఇంటర్వ్యూ చేసినాయన కడాకు ఏమన్నాడో చెప్పినానా నీకు? పొద్దన్నించీ ఇంతమందిని చూసినాం, ఒక్కసారి కూడా ఆగకుండా కనపడింది నువ్వొక్కదానివే, ఏ కంపెనీ నెట్ అమ్మా అని అడిగినాడు. మా అన్నది సార్ అని చెప్పినా."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళకా చెప్పేది? అప్పుడే చెప్పి ఉంటే నేను వ్యాపారం మూసేవాణ్ణి కాదేమో! (మూసేవాణ్ణే. కానీ తల ఎత్తుకుని మూసేవాణ్ణి.) "మరిచిపోయినా లేన్నా," అని నవ్వింది. ఇదీ గుర్తుపెట్టుకున్నాను. అయినా ఆ రాత్రి లాడ్జికి తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ దగ్గర కూర్చుని, ఆ ఎండలో వైరెత్తి పట్టుకుని గొర్లాయనతో పోట్లాడుతున్న ఆ బక్కపలచని కుర్రాణ్ణి ఒకసారి పిలిచి, వెనక గదిలో నీ గురించి మంచిమాటే చెబుతున్నారు లేరా అని అందామనుకున్నాను. వాడు వినేవాడు కాదు. "ఎవరు నవ్వినారు?" అని ఇటు తిరిగేవాడు.